కీళ్ళవాతమును లోహములును

గడచిన మాసమున నీ శీర్షికలో మోకాళ్ళ యరుగుదలను గుఱించి వ్రాసితిని. అది చదివి యొక సోదరి నాకు దీర్ఘమైన లేఖ వ్రాసినది. ఆమెకు ముప్పదినాలుగేండ్లు, ఇద్దఱు బిడ్డల తల్లి. ఆఱు మాసములనుండి ప్రాతఃకాలమున లేచునప్పటికి చేతివ్రేళ్ళు ముడువరాక, చాపరాక కొయ్యలవలె నుండుననియు, జాము ప్రొద్దెక్కినగాని సడలవనియు నామె వ్రాత. వైద్యుడు రక్తము పరీక్షింపించి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని నిశ్చయించెనట. లేఖ చివర నిట్లున్నది: "అమ్మా, వైద్యుడిచ్చిన మాత్రలు మ్రింగుటకు భయముగా నున్నది. మా అత్తగారు రాగికడియము తొడుగుకొమ్మనుచున్నారు. మందులయంగడివాడు జింకు, సెలీనియము కలిసిన మాత్రలు చాలునని సీసా చేతికిచ్చినాడు. ఈ మూడింటిలో నేను దేనిని నమ్ముకొందును?"

నాలుగు పంక్తులలో బదులు వ్రాసి యూరకుండవచ్చును. కాని యిది నాకు పరాయివారి ప్రశ్న కాదు. నా తోడబుట్టిన అక్కయ్య యీ వ్యాధితో పండ్రెండేండ్లుగా కాపురము చేయుచున్నది. ఆమె కుడిచేతి వ్రేళ్ళు చిటికెనవ్రేలివైపునకు వంగియుండుటలో నా పాలును గొంత కలదు. ఆ సంగతి ముందుగా చెప్పి పిదప శాస్త్రమునకు వత్తును.

అది ధనుర్మాసము. నేను పుట్టింటికి వెళ్ళియుంటిని. ముగ్గు వేయుటలో అక్కయ్యకు మా వీధిలో సాటి లేరు. ఆనాడు తెల్లవాఱుజామున కల్లాపి చల్లి, ముగ్గుచిప్ప పట్టుకొని చుక్కలు పెట్టబోయి పిండి జాఱవిడిచినది. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ముగ్గు నిలువలేదు. "చలికి కొయ్యబాఱినవిలే" అని నవ్వినది. మధ్యాహ్నమునకు తానే పప్పు మెదిపి వడ్డించినది గనుక మేమును నవ్వితిమి. సంక్రాంతినాటికి క్రొత్తగాజులు మణికట్టు దాటి లోనికి పోలేదు. రెండు చేతులును ఒక్కతీరున వాచినవి.

అప్పుడు నేను చేసిన పని వినుడు. మా నాయనగారివద్ద అమరముతో మొదలిడి కొన్ని కావ్యములును, కొంత వైద్యగ్రంథమును చదివినదానను. మాధవకరుని మాధవనిదానమున ఆమవాతమను వ్యాధి ప్రత్యేకముగా వర్ణింపబడినది. కీళ్ళు వాచుట, తేలు కుట్టినట్లు నొప్పి, ఆకలి చెడుట, ఒడలు బరువెక్కుట అనునవి దాని లక్షణములు. అక్కయ్యను చూడగానే అది జ్ఞప్తికి వచ్చినది. వ్యాధిపేరు తెలిసినంతనే చికిత్సయు తెలిసినట్లే తలచితిని. రాగికడియ మొకటి చేయించి నా చేతులతో తొడిగితిని. ఎవరో చెప్పగా పట్టణమునుండి జింకు మాత్రలు తెచ్చితిని. ఒక యూరును పేరును లేని పొడి పొట్లములను మా బంధువొకరు తెచ్చియిచ్చినప్పుడు వలదనలేదు. పొడి తిన్నన్నాళ్ళు నొప్పి యిట్టే మాయమయ్యెను. ముఖము పున్నమచంద్రునివలె గుండ్రనై నిగనిగలాడెను. అక్కయ్యకు ఒడలు వచ్చినదని సంతోషించితిమి. పదునెనిమిది మాసములపిమ్మట నొక వైద్యురాలు చూచి, ఆ నిగనిగ బలము కాదనియు, పొడిలో స్టెరాయిడు కలిసియుండుననియు చెప్పెను. అప్పటికి వ్రేళ్ళ మొదళ్ళయందలి యెముక లంచులు తినివేయబడియుండుట ఎక్స్‌రేలో కనబడినది. వాపు తగ్గింపవచ్చును గాని, తినబడిన యెముకను మరల మొలిపింపలేమని యామె నిష్కర్షగా చెప్పెను.

ఇక వ్యాధి సంగతి. కీలునకు లోపల పలుచని పొర యొకటి కలదు. దానిని సైనోవియము అందురు. కీలునకు చమురువంటి ద్రవమునిచ్చుట దాని పని. మన శరీరమును శత్రువులనుండి కాపాడవలసిన రక్షకకణములే త్రోవతప్పి యీ పొరపై బడుటయే రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొర వాచి, మందమై, కండవలె పెరిగి, మృదులాస్థిని, ఎముకను క్రమముగా దొలుచును. టీఎన్ఎఫ్ అనియు, ఇంటర్‌ల్యూకిన్-6 అనియు పేర్లుగల రసాయనము లా దండునకు దూతలవంటివి. వీనిమూలముననే కీళ్ళ వాపే కాక యలసట, జ్వరపుసోకు, రక్తహీనత గూడ కలుగుచున్నవి. ముదిమివలన మోకాలు అరుగుట వేఱు, ఇది వేఱు. అరిగిన కీలు పనిచేసిన కొలది నొచ్చును. ఈ వ్యాధిలో ప్రొద్దున లేవగానే బిగువు అధికమై, కదలిన కొలది సడలును. చేతివ్రేళ్ళ మొదళ్ళు, నడిమి కణుపులు, మణికట్లు, పాదములు రెండువైపులను సమముగా వాచుట దీని రీతి. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలు తఱచుగా వచ్చును. 1800లో పారిసునందు లాండ్రే-బోవే అను యువవైద్యు డీ వ్యాధిని మొదట వివరించి వ్రాసినప్పుడు ఆయన చూచిన రోగులందఱును స్త్రీలే. ఇప్పటి పేరును 1859లో ఆంగ్లవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గ్యారడ్ పెట్టెను.

లోహములమాటకు వత్తము. మన శరీరమున ఇనుము మూడు నాలుగు గ్రాములు, జింకు రెండు గ్రాములు, రాగి గ్రామున పదియవ వంతు మాత్రమే యుండును. సెలీనియము అంతకంటెను మిక్కిలి తక్కువ. ఉగ్గుగిన్నె యడుగు నిండని యీ లోహములు లేనిచో ప్రాణము నిలువదు. రాగియు జింకును ఒక్కటిగా గూడి యేర్పడిన యొక ఎంజైము, కణములలో పుట్టు దాహకమైన యాక్సిజను రూపములను చల్లార్చును. దీని పనిని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. సెలీనియముగూడ నిట్టి మఱియొక ఎంజైమునందు కలదు. వాపును చల్లార్చు పరికరములలో లోహములున్నవి గనుక, లోహములు మ్రింగినచో వాపు చల్లాఱునని తోచుట సహజమే. నాకును తోచెను. కాని కీలులోని మృదులాస్థిని కోసివేయు ఎంజైములు కొన్ని గలవు. వానికిని జింకే యాధారము. ఒకే లోహము కాపలావాని చేతిలోను, దొంగ చేతిలోను ఉన్నది.

ఈ రోగుల రక్తము పరీక్షించిన వారికి చాలకాలముగా ఒక విషయము కనబడుచున్నది. జింకు, సెలీనియము, ఇనుము తక్కువగా నుండును. రాగి యెక్కువగా నుండును. దీనిని చూచి, తక్కువైనదానిని పోసిన వ్యాధి పోవునని కొందఱు తలచిరి. ఇక్కడనే మోసము కలదు. దోపిడిదండు ఊరిమీదికి వచ్చుచున్నదని తెలిసిన గృహిణి యేమి చేయును? మెడలోని సొమ్ములు తీసి గాదెలో ధాన్యముక్రింద దాచును. ఆ దినమున నామె మెడ బోసిగా నున్నదని యామెకు నగలే లేవనుట తగునా? శరీరమును నట్లే చేయును. లోపల వాపు రేగినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయమునకు వార్త పంపును. కాలేయము రక్తములోని జింకును లోనికి లాగి మెటలోథయోనీన్ అను మాంసకృత్తునందు బంధించును. సూక్ష్మజీవులకు లోహములు దక్కకుండ జేయుటకై ప్రకృతి యేర్పఱచిన యుపాయ మిది. ఇచ్చట సూక్ష్మజీవి లేదు. తనవారినే శత్రువులని భ్రమించిన పోరాటము. ఐనను తలుపులు మాత్రము మూయబడును.

రాగి పెరుగుటకును కారణ మిట్టిదే. రక్తములోని రాగిలో చాల భాగమును మోయునది సెరులోప్లాస్మిన్ అను మాంసకృత్తు. 1948లో స్వీడను దేశమున హోమ్‌బర్గ్, లారెల్ అనువారు దీనిని వేఱుచేసిరి. నీలవర్ణము గలది గనుక ఆ పేరు. వాపు కలిగినప్పుడు కాలేయము దీనిని అధికముగా తయారుచేయును. బండ్లు పెరిగినవి గావున సరకును పెరిగినది. కాబట్టి రక్తమున జింకు తగ్గుటయు రాగి పెరుగుటయు ఈ వ్యాధికి మూలమని చెప్పుటకు చాలవు. అవి చాలవఱకు వ్యాధి వేసిన నీడలు. మందువలన వాపు తగ్గినచో నీ యంకెలును వానంతట అవియే చక్కబడుట చూచుచున్నారు.

ఇంతమాత్రమున జింకును పరీక్షింపకయే త్రోసివేసిరని తలపవలదు. 1976లో అమెరికా దేశపు సియాటిల్ నగరమున పీటర్ సిమ్‌కిన్ అను వైద్యుడు మొండిబాఱిన కీళ్ళవాతముగల 24 మందిపై జింకు సల్ఫేటు ప్రయోగించి, వాపును ప్రాతఃకాలపు బిగువును తగ్గినవని ప్రకటించెను. అందఱును ఆశపడిరి. కాని తరువాత నితరులు చేసిన పరీక్షలలో ఆ ఫలము నిలువలేదు. ఆయన యిచ్చిన మోతాదు చూడుడు: 220 మిల్లీగ్రాముల సల్ఫేటు దినమునకు మూడు మాఱులు, అందు జింకు సుమారు 150 మిల్లీగ్రాములు. మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020లో స్త్రీలకు నిర్ణయించినది దినమునకు 13.2 మిల్లీగ్రాములు మాత్రమే. పదునొకండింత లధికముగా చాలకాలము మ్రింగినచో ప్రేగులగోడలో మెటలోథయోనీన్ పెరిగి, ఆహారములోని రాగిని పట్టుకొని రక్తమునకు చేరనీయక మలముతో వెడలగొట్టును. రాగి లేమివలన రక్తహీనతయు, కాళ్ళు తిమ్మిరిపట్టి నడక తప్పుటయు కలుగవచ్చును. రాగి దేహమున పేరుకొను విల్సను వ్యాధికి జింకునే మందుగా వాడుట యీ గుణమునుబట్టియే.

ఇప్పుడు మా యింటి వింత గమనింపుడు. నేను అక్కయ్య చేతికి రాగి తొడిగి, నోట రాగిని వెడలగొట్టు మాత్రలు వేయించితిని! ఈ మాట మా వారికి చెప్పగా, ఆయన లెక్కల పంతులు గనుక, "కూడినదియు తీసివేసినదియు సమమైనది, శేషము సున్న" అని నవ్విరి. అక్కయ్య యెదుట మాత్ర మా మాట అనవలదంటిని.

కడియమువలన కలుగు ఫలమును గూడ శ్రద్ధగా పరీక్షించిరి. 2013లో ఇంగ్లండునందలి యార్కు విశ్వవిద్యాలయమువా రీ వ్యాధిగల 70 మందికి రాగికడియము, అయస్కాంతపు పట్టీ, బలహీనపు పట్టీ, అయస్కాంతబలము తీసివేసిన పట్టీ ఒకదాని తరువాత నొకటి, ఒక్కొక్కటి అయిదు వారములు తొడిగించిరి. నొప్పి, వాపు, రక్తపరీక్ష అన్నియు చూచిరి. ఏ కడియమునకును వట్టి పట్టీకంటె లెక్కింపదగిన మేలు కానరాలేదు. మఱి తొడిగినవారికి నొప్పి తగ్గినదందురే యనిన, ఈ వ్యాధికి పోటుపాటు లున్నవి. నొప్పి శిఖరమున నున్నప్పుడు ఎవరైన కడియము తెత్తురు. తరువాత అది దిగుట యెటులైనను జరుగును. ఆ దిగుట కడియము ఖాతాలో వేయుదుము. ఇంకొక చిత్రము కలదు. విల్సను వ్యాధిలో దేహమునుండి రాగిని వెడలగొట్టుటకు 1956లో వాల్ష్ అను వైద్యుడు పెనిసిలమైన్ అను మందును ప్రవేశపెట్టెను; ఆ మందునే పిదప కీళ్ళవాతమునకును చాలకాలము వాడి, కొందఱికి గుణము చూచిరి. రాగి తొడుగుటయే మేలైనచో, రాగిని తీసివేయు మందు హాని చేయవలసియుండెను గదా!

రాగిచెంబును నేను నిందించుటలేదు. రాత్రి రాగిబిందెలో నీరు పోసియుంచిన అతిసారము కలిగించు సూక్ష్మజీవులు కొన్ని నశించునని బెంగుళూరివారు 2012లో పరీక్షించి తెలిపిరి. అది నీటిసంగతి, కీళ్ళకు దానితో పొత్తు లేదు. పులుపు వస్తువును, మజ్జిగను కళాయిలేని రాగి యిత్తడి పాత్రలలో నుంచరాదని మన పెద్దలకు చక్కగా తెలియును. పాలసంగతి మాత్రము మన మెఱుగకయుంటిమి. వెనుక మన దేశమున పసిబిడ్డల కాలేయము గట్టిపడి ప్రాణము తీయు జబ్బొకటి యుండెడిది. కళాయిలేని యిత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువచేసిన పాలు పట్టుటతో దానికి సంబంధము కలదని 1983లో పూనా ప్రాంతపు పరిశోధకులు చూపిరి. పాత్రలు మారినపిమ్మట నా జబ్బు దాదాపు కనుమఱుగైనది. కొద్దిగా నుండవలసిన వస్తువు కొద్దిగానే యుండవలెననుటకు మన తెలుగునేలమీదనే వేఱొక సాక్ష్యము కలదు. నీటిలో ఫ్లోరైడు మితిమీఱుటవలన వెన్నును కీళ్ళును బిగుసుకొనిపోవు వ్యాధిని నాటి నెల్లూరు జిల్లాలో చూచి 1937లోనే ప్రకటించిరి. నల్లగొండ జిల్లావారి బాధ యందఱును ఎఱిగినదే. అది కీళ్ళవాతము కాదు. కాని ఆ ప్రాంతములవారు కీళ్ళు బిగిసినపుడు వైద్యునికి త్రాగునీటి సంగతి గూడ చెప్పుట మంచిది. చికెన్‌గున్యా జ్వరము వచ్చి తగ్గినపిదప నెలలతరబడి యుండు వాపును గూడ ఇట్లే వేఱుచేసి చూడవలసియుండును.

సెలీనియము గుఱించి చాల చెప్పనక్కఱలేదు. రోగుల రక్తమున తక్కువగా నుండుట నిజమే. 2001లో బెల్జియమువారు కొందఱికి సెలీనియమును, కొందఱికి వట్టి మాత్రలను ఇచ్చి పోల్చిచూడగా కీళ్ళకు ప్రత్యేకలాభము కలుగలేదు. అధికముగా మ్రింగినచో జుట్టు రాలును, గోళ్ళు పెళుసెక్కును. అంగడివాడు పురుగుమందు సీసా అమ్మునప్పుడు భయపెట్టును. ఈ సీసా అమ్మునప్పుడు మాత్రము "బలమేనమ్మా, పోనీ వేసికొనుడు" అనును. రెండింటికిని మోతాదు కలదని యెవరు చెప్పవలెను?

ఇనుముమాట మాత్రము విపులముగా చెప్పవలెను. ఏలయన మన స్త్రీలకు రక్తహీనత యింటింటిచుట్టము. ఈ వ్యాధియందు రక్తహీనత రెండు విధములుగా వచ్చును. కాలేయము హెప్సిడిన్ అను నొక పదార్థమును పుట్టించును. ఇది శాస్త్రజ్ఞులకు తెలిసి యిరువదియైదేండ్లు మాత్రమే యైనది. ప్రేగులనుండి రక్తములోనికి ఇనుము వచ్చు ద్వారమును ఇది మూయును. నిలువయున్న కణములనుండియు బయటికి రానీయదు. వాపు రేగినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 దీనిని పెంచును. ఇంటినిండ ధాన్య మున్నను గాదెకు తాళము పడినచో పొయ్యి వెలుగునా? ఇట్టి రక్తహీనతకు ఇనుపమాత్రలు గుప్పెడు మ్రింగినను ఫలము స్వల్పము. టోసిలిజుమాబ్ అను క్రొత్తమందు ఇంటర్‌ల్యూకిన్-6 పనిని అడ్డగించును. అది యిచ్చినప్పుడు ఇనుపమాత్రలతో పనిలేకయే హీమోగ్లోబిన్ పెరుగుట చూచినారు. తాళము తీసినది వాపు తగ్గుటయే గాని వేఱు కాదు.

రెండవది నిజమైన యినుము లేమి. నెలసరి యధికముగా నగువారికిని, నొప్పిమాత్రలు నెలలతరబడి వాడి కడుపులో పుండుపడి లోలోపల రక్తము కాఱువారికిని ఇది కలుగును. ఒకే స్త్రీకి రెండును ఉండవచ్చును. వీనిని వేఱుచేయుటకు ఫెరిటిన్ పరీక్ష చేయుదురు గాని, వాపువలన ఫెరిటిన్ తానుగా పెరుగును గనుక, అంకె బాగున్నదని నిశ్చింతగా నుండరాదు. వైద్యుడు సీఆర్‌పీ మొదలగువానితో కలిపి చదువవలెను. మలము నల్లగా నున్నచో సిగ్గుపడక వైద్యునికి చెప్పుడు. మా అక్కయ్య చెప్పక రెండు నెలలు దాచినది.

లోహములలో కీళ్ళవాతమునకు నిజముగా మందైనది బంగారము! ఇది పరిహాసము కాదు. 1890లో రాబర్ట్ కోఖ్ బంగారపు లవణ మొకటి పరీక్షనాళికలో క్షయసూక్ష్మజీవిని అణచుట చూచెను. కీళ్ళవాతము క్షయను పోలినదని భ్రమించి ఫ్రెంచివైద్యుడు జాక్ ఫొరెస్త్యే దానిని సూదిమందుగా నిచ్చి, 1929లో గుణము కలుగుచున్నదని ప్రకటించెను. తలచిన కారణము తప్పు. కలిగిన ఫలము ఒప్పు. ఇంగ్లండునందు జరిగిన పెద్ద పరీక్షలో 1960 ప్రాంతమున అది నిజమేయని తేలినది. కాని మూత్రపిండములకును, చర్మమునకును, రక్తమునకును కలుగు హానివలన జాగ్రత్తగా వాడవలసివచ్చెను. అంతకంటె మేలైన మందులు రాగా ఇప్పుడు దాదాపు మూలబడినది. మెడలోని నానునకు మాత్ర మీ మహిమ లేదు. స్వర్ణభస్మ మమ్మువారు ఈ కథనే చెప్పి తమ సరకు నమ్మజూతురు. సూదిలోని లవణము వేఱు, భస్మము వేఱు.

ఇప్పటి ప్రధానౌషధము మెథోట్రెక్సేటు. అమెరికాలో 1988లో ఈ వ్యాధికి అనుమతింపబడినది. లేఖ వ్రాసిన సోదరి భయపడుచున్నది దీనినే యని తోచుచున్నది. భయపడవలసిన విషయ మొకటి నిజముగా కలదు. ఇది వారమునకు ఒక్క దినము మాత్రమే మ్రింగవలసిన మందు. తెలియక ప్రతిదినము మ్రింగినవారు ప్రాణములు పోగొట్టుకొన్నారు. కాబట్టి గోడమీది పంచాంగములో ఆ దినమును పసుపుతో గుఱుతు పెట్టి, ఇంటిలో ఇంకొకరికి గూడ చెప్పియుంచవలెను. తక్కిన దినములలో వైద్యుడు చెప్పినట్లు ఫోలిక్ ఆసిడ్ మాత్రలు వేసికొనిన వికారము, నోటిపుండ్లు తగ్గును. రక్తమును కాలేయమును అప్పుడప్పుడు పరీక్షింపించుకొనవలెను. గర్భము ధరింప దలచువా రా మాట ముందుగా వైద్యునితో చెప్పి తీరవలెను. గర్భవతుల కిది కూడదు. ఇన్ని నియమములున్న మందునకు జంకుట తప్పు కాదు. కాని మొదటి కొలది మాసములలో వాపు నణచినవారికిని, అక్కయ్యవలె పదునెనిమిది మాసములు జాఱవిడిచినవారికిని గల భేద మా వ్రేళ్ళే చూపుచున్నవి.

వంటయింటివలన నేమి ప్రయోజన మందురా, కలదు. అది మందునకు బదులు కాదు. మానవులలో జింకు లేమి యుండునని మొదట కనిపెట్టినవాడు బీహారునందలి బక్సరులో పుట్టిన ఆనంద ప్రసాద్ అను వైద్యుడు. 1961లో ఇరాను దేశమున ఎదుగుదల లేక పొట్టిగా నున్న యువకులను పరీక్షించి, వారు పులియని పొట్టురొట్టెలే ప్రధానాహారముగా తినుటను గమనించెను. పొట్టులోని ఫైటేటు జింకును ఇనుమును బంధించి లోనికి పోనీయదు. పులియబెట్టినను, మొలకెత్తించినను ఆ బంధము కొంత సడలును. మనము ఇడ్లీపిండి, దోసెపిండి పులియబెట్టుట, పెసలు మొలకలెత్తించుట రుచికే యనుకొందుము. నువ్వులపొడి, పప్పులు, అంబలి పులియబెట్టిన రాగులు, తినువారికి చేపయు గ్రుడ్డును జింకు నిచ్చును. స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము వలయునని అదే పోషకాహార సంస్థ నిర్ణయము. తోటకూర పప్పుమీద నిమ్మకాయ పిండుకొనుట, ఉసిరికాయ పచ్చడి కలుపుకొనుట ఇనుము నొంటబట్టించును. భోజనమైన వెంటనే తేనీరు త్రాగుట దానిని చెఱచును. ఉత్తరకోస్తాలో చుట్ట త్రాగు స్త్రీలు, అందును అడ్డపొగ త్రాగువారు కలరు; పొగాకుపొగవలన నీ వ్యాధి వచ్చుటయు ముదురుటయు అధికము గనుక దానిని మానుట యే మాత్రకంటెను మేలు.

లేఖ వ్రాసిన సోదరికి నా బదులు: వైద్యుడు చెప్పిన మాత్రలు చెప్పిన దినమున వేసికొనుము. అంగడివాడిచ్చిన సీసాను తీసికొనిపోయి వైద్యునికి చూపి, అందలి మోతాదు చదివించి, ఆయన చెప్పినట్లు చేయుము. అత్తగారితో వాదింపకుము, కడియము తొడుగుకొనినంతమాత్రమున హాని లేదు, మణికట్టు వాచి బిగియకుండ చూచుకొనవలెను, అంతే. పేరులేని పొడి యెవరు తెచ్చినను ముట్టకుము.

అక్కయ్య చేతి కడియ మిప్పటికిని ఉన్నది. రెండేండ్ల క్రిందట తీసివేయుదమని నేను పోగా చేయి వెనుకకు తీసికొని, "ఉండనీవే, నీవు పెట్టినది" అన్నది. ఇప్పుడు వారమున కొకమాఱు మాత్ర వేసికొనుచున్నది. బిగువు అరగంటలో సడలుచున్నది. ముగ్గు వ్రేళ్ళతో పట్టలేదు గాని, గుడ్డమూటలో పిండి పోసి, చిన్న రంధ్రము చేసి, దానిని పిడికిట పట్టుకొని చుక్కలు పెట్టుచున్నది. పదునైదు చుక్కల ముగ్గునకు అరగంట పట్టును.

వచ్చు మాసమున చేతివ్రేళ్ళ వ్యాయామములను గుఱించియు, వాచిన చేతులతో బిందె యెత్తుట, పిండి కలుపుట మొదలగు పనులు సులువుచేసికొనుటను గుఱించియు వ్రాయుదును. ఈ విషయమున నుపాయము లెఱిగిన సోదరీమణులు వ్రాసి పంపిన సంతోషముతో చేర్చెదను.